మొహర్ లేని ముక్క

సర్కారు కొనుగోళ్ల కొలువులో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు బోయిగూడలో మా ఇంటికి వస్తుంటారు. రూల్సు పుస్తకం చంకలో పెట్టుకుని మరీ వస్తారు. ఏ పేరా ఎక్కడుందో నాకంటే వాళ్లకే బాగా తెలుసు. "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ ఊరికి బదిలీ చేశారో చెబితే మీకేం ఒరుగుతుంది నాయనా? అన్నేళ్ల నౌకరీలో నాకు నిజంగా పని నేర్పింది ఒక గుడ్డ ముక్క. జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు. దాని సంగతే రాస్తున్నాను. ఇందులో నా గొప్పతనం ఏమీ లేదని ముందే చెబుతున్నా.

ఎవరి నోరు, ఎవరి కలం

సర్కారుకు సామాను కావాలి. కాంట్రాక్టరు దగ్గర సామాను ఉంటుంది. మధ్యలో ఒక అధికారి కూర్చుంటాడు. ఒప్పందం చేసేది ఆయనే, వచ్చిన సరుకు తీసుకునేదీ తిప్పి పంపేదీ ఆయనే, ఒప్పుకున్నదాంట్లో ఏదైనా మార్చాలన్నా ఆయన కలమే కదలాలి. దఫ్తర్‌లో ఇంకెవరికీ ఆ హక్కు లేదు.

కానీ నోళ్లు మాత్రం అందరికీ ఉంటాయి. గోదాము చూసేవాడు "నల్లది లేకుంటే నీలిది తే" అంటాడు. ఇంజినీరు "ఇంకో పది ఎక్కువ చేయ్, నేను చూసుకుంట" అంటాడు. కాంట్రాక్టరు నమ్ముతాడు. బల్లకు అటువైపు కూర్చున్న ప్రతివాడూ ఆయన కంటికి సర్కారే. ఏ కుర్చీకి బలం ఉందో, ఏ కుర్చీకి లేదో ఆయనకెట్లా తెలుస్తుంది? తెలియాల్సింది కుర్చీలో కూర్చున్నవాడికి. నాకు తెలిసి కూడా నోరు జారాను.

ఇంకొక్క మాట చెప్పి అసలు కథలోకి వస్తాను. సరుకు తిప్పి పంపడమే మగతనం అనుకునే అధికారులను చాలామందిని చూశాను. కుట్టు లాగి, గుడ్డ చించి, నలుగురిలో అరిచి, అదే తనిఖీ అనుకుంటారు. వాళ్లమీద నాకు అప్పుడూ గౌరవం లేదు, ఇప్పుడూ లేదు.

బీరువా తాళం

ఇది పోలీసు చర్యకు ముందు మాట. సికింద్రాబాద్‌లో మా దఫ్తర్ ఇంకా నిజాం సర్కారుదే. నేను అందులో చిన్న గుమాస్తాను. మా ఆవిడకు ఏడో నెల. నా నౌకరీ మీద నేనూ, ఆమే, మా అమ్మా బతుకుతున్నాం.

నా చేతిలో ఉన్న ఒకే ఒక పెద్ద వస్తువు నమూనాల బీరువా తాళం. ఆ పద్ధతి మీలో కొందరు చూసి ఉండరు. ఏ సరుకు కొన్నా ముందు కాంట్రాక్టరు ఒక నమూనా తేవాలి. అది గుడ్డయితే ముక్క, తాడయితే మూరెడు. దానికి అట్ట చీటీ కట్టి, చీటీ మీద కాంట్రాక్టరూ, ఆ కలం హక్కున్న మా అధికారి పెద్దసాబూ ఇద్దరూ సంతకం పెట్టేవారు. దారం ముడి మీద కరిగిన లక్క పోసి పెద్దసాబ్ తన ముద్ర, మా మాటలో మొహర్, గుద్దేవాడు. అది బీరువాలో ఉండేది. తర్వాత వచ్చే సరుకంతా ఆ ముక్కకు సరిపోలాలి. మొహర్ పడ్డాక ఆ ముక్క చెప్పిందే ఖరారు.

ఆ సంవత్సరం ఊళ్లలో గొడవలకు భయపడి పల్లెల నుంచి జనం పారిపోయి వచ్చారు. హిందువులూ ఉన్నారు, ముసల్మాన్లూ ఉన్నారు. తిరుమలగిరి అవతల ఖాళీ మైదానంలో చెట్ల కిందా, చాపల కిందా పడి ఉన్నారు. వాళ్ల కోసం డేరాలు కుట్టమని సర్కారు కరీం భాయ్‌కి కాంట్రాక్టు ఇచ్చింది.

కరీం భాయ్ తాతల నాటి నుంచి డేరాలు కుట్టే ఇంటివాడు. నా కంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. సూది పట్టీ పట్టీ కుడిచేతి బొటనవేలు కాయ కట్టి ఉండేది. చదువు సంతకం వరకే. కానీ నమూనా ముక్కను వేళ్లతో ఒకసారి తడిమితే అంగుళానికి ఎన్ని కుట్లో చెప్పేవాడు.

నేనున్న గద

వానలు ముదిరాక ఒక పొద్దున కరీం భాయ్ దఫ్తర్‌కు వచ్చాడు. చేతిలో కాన్వాసు ముక్క. మనిషి పరేషాన్‌గా ఉన్నాడు.

"సాబ్, నమూనాల ఉన్న దారం దొరుకుతలేదు. బయటికెళ్లి సరుకు బందయ్యింది. బేగంబజారంత తిరిగిన, ఒక్క ఉండ సుత లేదు."

నిజమే. ఆ నెలల్లో బయటి నుంచి రాష్ట్రంలోకి సామాన్లు రావడం ఆగిపోయింది. మందులే రావడం లేదు, దారం ఎక్కడిది?

"మరెట్ల?" అన్నాను.

"జనుప దారానికి తేనెమైనం పట్టిచ్చి కుడ్త. గీ ముక్క జూడున్రి, గట్లనే కుట్టిన. వాన పడితె దారం నీళ్లు తాగి ఉబ్బుతది, సూది బొక్క మూస్కపోతది. లోపలికి చుక్క దిగది. కాకపోతె నమూనాల దారం గాదు ఇది. మీరు ఊ అంటెనే సూది పెడ్త."

ఊ అనాల్సింది నేను కాదు. పెద్దసాబ్. కానీ పెద్దసాబ్ దఫ్తర్‌కు రాక ఎనిమిది రోజులైంది. ఊరంతా పుకార్లు. ఇవాళ ఇండియా ఫౌజు వస్తుందంట, రేపు వస్తుందంట. పెద్ద పెద్దవాళ్లే ఇళ్లు తాళాలేసి పోతున్నారు. మనిషిని పంపితే "తబియత్ బాగ లేదు" అని జవాబొచ్చింది.

"పెద్దసాబ్ ఎప్పుడొస్తడు?" అని అడిగాడు కరీం భాయ్.

"ఎవరికెరుక?"

"ఆడ జనం వానల కూసున్నరు సాబ్. నిన్న పొయ్యి చూసొచ్చిన. ఒక బాలింత బొంత కప్పుకొని చెట్టు కింద ఉన్నది. నేనేం జెయ్యాలె చెప్పున్రి."

నాకు ఇంట్లో ఉన్న మనిషి గుర్తొచ్చింది. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"కానీయ్ కరీం భాయ్. నేనున్న గద. పెద్దసాబ్ రాంగనే మొహర్ ఏపిస్త."

ఆయన మొహం తేటపడింది. ముక్క నా చేతిలో పెట్టి, "మీ మాట మీద సూది పెడ్తున్న సాబ్" అని వెళ్లిపోయాడు. మొహర్ లేని ఆ ముక్కను బీరువాలో, మొహర్ ఉన్న పాత ముక్క పక్కనే పెట్టాను. దాంతో పని అయిపోయినట్టే అనిపించింది. చీటీ కట్టలేదు, ఒక్క అక్షరం రాయలేదు. మంచి పని చేశానని సంబరపడ్డాను కూడా.

కొత్త అధికారి

పెద్దసాబ్ మళ్లీ రాలేదు. ఫౌజు వచ్చింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. దఫ్తర్ మీద జెండా మారింది. పాత సర్కారులో ఎవరెవరు ఏమేం చేశారో అడగడం మొదలైంది. రోజుకొకరిని పిలిచేవారు. కొందరు బయటికి వచ్చి మాట్లాడకుండా గొడుగు తీసుకుని ఇంటికి పోయేవారు, మర్నాడు వాళ్ల కుర్చీ ఖాళీ. రేపు ఎవరి వంతోనని మాకందరికీ భయం.

ఆ భయంలోనే ఒక సాయంత్రం బీరువా తీసి, మొహర్ లేని ముక్కను అన్నం గిన్నె సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. ఎవరైనా చూస్తే "ఇదేంటి, ఎవరు ఒప్పుకున్నారు?" అని అడుగుతారని. చేసిన తప్పులన్నిటిలో ఇదే నీచమైనది. మిగతావి తొందరపాట్లు. ఇది మాత్రం తెలిసి చేసింది.

మద్రాసు వైపు నుంచి రంగనాథం గారనే అధికారిని వేశారు. సన్నటి మనిషి, గొంతు ఎత్తడు. ఆయన వచ్చిన వారానికి కరీం భాయ్ డేరాలు బండ్లమీద దఫ్తర్ ఆవరణలోకి వచ్చాయి. కబురు పంపితే వచ్చినవి కావు. గడువుకు ఒకరోజు ముందే ఆయనంతట ఆయన తెచ్చాడు. అంత గొడవల్లో, ముసల్మాను గడప దాటాలంటే భయపడుతున్న రోజుల్లో.

రంగనాథం గారు బీరువా తీయించి మొహర్ ఉన్న నమూనాను డేరా కుట్టు పక్కన పెట్టారు. గోటితో దారం గీకి చూశారు.

"ఇది నమూనాలో దారం కాదు" అన్నారు.

అందర్నీ తన గదిలోకి పిలిచారు. కరీం భాయ్ బల్ల ముందు నిలబడ్డాడు. నేను ఫైలు పట్టుకుని బల్ల పక్కన. మా హెడ్ క్లర్క్ తలుపు దగ్గర. ఆయన ఎవరూ అడగకుండానే అందుకున్నాడు.

"సార్, ఆ రోజులల్ల కావాల్నని గిట్ల కుట్టిండు. జనం తడిసి సావాల్నని. గిసొంటోళ్లను పోలీసులకు అప్పజెప్పాలె."

ఆ వారాల్లో అటువంటి మాట ఒక ముసల్మాను కాంట్రాక్టరు మీద పడితే ఏమవుతుందో గదిలో ఉన్న అందరికీ తెలుసు. కాంట్రాక్టు సంగతి అట్లుంచండి, మనిషే ఇంటికి తిరిగి రాకపోవచ్చు.

రంగనాథం గారు ఆ మాట పట్టించుకోనట్టే కరీం భాయ్‌ని అడిగారు. "దారం మార్చమని మీకు ఎవరైనా చెప్పారా?"

కరీం భాయ్ నావైపు చూడలేదు. నేల చూశాడు. కొంచెం సేపు ఆగాడు. ఆ ఆగింది నా కోసమేనని నాకు అప్పుడే తెలుసు. నేను ఫైలు తిప్పాను. అందులో చూడాల్సింది ఏమీ లేదు, ఊరికే కాగితం తిప్పాను.

"ఎవరు చెప్పలే సాబ్. తప్పు నాదే" అన్నాడు.

డేరాలు తిప్పి పంపమన్నారు రంగనాథం గారు. పేరు జాబితా నుంచి కొట్టేయమన్నారు. పోలీసు సంగతి రెండు రోజుల్లో ఆలోచించి చెబుతానన్నారు.

అమ్మ అడిగింది

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తున్నాను. అమ్మ సంచీ దులుపుతుంటే ముక్క కింద పడింది. అది సంచీ అడుగు మడతలో చాలా రోజుల నుంచే ఉంది, తీసి పారేయడానికి చేయి రాలేదు.

"ఇదేంది బిడ్డా?"

చెప్పేశాను. ఏదీ దాచలేదు. మధ్యలో ఏడుపొచ్చింది. అమ్మ ఓదార్చలేదు.

"గాయన నోరు మూసుకున్నది నీ కోసం. నువ్వు మూసుకున్నది ఎవరి కోసం?"

"నౌకరీ పోతదే అమ్మా. నీ కోడలు సుత కాన్పుకున్నది."

మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి వింటోంది. "నా మీదికి తేకు" అంది. అంతే అంది. లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు దఫ్తర్‌కు పోయేముందు కరీం భాయ్ దుకాణానికి వెళ్లాను. తిప్పి పంపిన డేరాలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఆయన మూల కూర్చుని సూదులు తుడిచి డబ్బాలో పెడుతున్నాడు. పెళ్లాం పిల్లల్ని రాత్రికి రాత్రే అత్తగారి ఊరికి పంపించేశాడట, పోలీసులు వస్తే చూడకూడదని.

"నా పేరు ఎందుకు చెప్పలే కరీం భాయ్?" అని అడిగాను. సిగ్గు లేకుండా అదే ముందు అడిగాను చూడండి.

ఆయన కోపం చేసుకోలేదు. సూది తుడుస్తూనే అన్నాడు. "ఆ దినం నేనున్న గద అన్నరు. నిన్న సుత మీరు ఆడనే ఉన్నరు గద సాబ్. మీరు చెప్తరనుకున్న."

ఆ మాట తర్వాత నాకు అక్కడ కూర్చోవడానికి మొహం చెల్లలేదు.

గదిలో చెప్పాల్సింది గదిలోనే

నేరుగా రంగనాథం గారి బల్ల మీద ముక్క పెట్టాను. జరిగింది చెప్పాను. ఆయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు.

"నీకు లేని అధికారం ఆయనకు ఇచ్చావు. అది తప్పు. నీకు ఆ అధికారం లేదని ఆయనకు చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఈ రెంటికీ రూల్సులో శిక్ష ఉంది. నిన్న ఇక్కడ నిలబడి నోరు మూసుకున్నావే, దానికి నా దగ్గర రూలు లేదు" అన్నారు.

హెడ్ క్లర్క్‌కు నా మీద జాలి కలిగిందో, గొడవ తొందరగా తెగాలనుకున్నాడో, "పాత తారీఖు ఏసి ఆ ముక్కకు మొహర్ కొడ్తె అయిపాయె సార్" అన్నాడు.

"ఆ తారీఖున నేను ఈ ఊళ్లోనే లేను. లేనివాణ్ణి ఉన్నట్టు రాస్తే, అప్పుడు నిజంగా మోసం జరిగినట్టు. ఆ కాంట్రాక్టర్ని పిలిపించండి, ఒక డేరా తెమ్మనండి" అన్నారు రంగనాథం గారు.

ఆవరణలో డేరా వేశారు. రంగనాథం గారు ముక్కాలి పీట తెప్పించుకుని అందులోకి వెళ్లి కూర్చున్నారు. నీళ్లు మోసే భిస్తీని పిలిచి తోలు తిత్తితో పైనుంచి పోయమన్నారు. దఫ్తర్ అంతా వరండాలో నిలబడి చూస్తోంది. మొదటి తిత్తికి కుట్ల నుంచి బొట్లు కారాయి. లోపల ఆయన చొక్కా భుజం మీద తడి కనిపించింది. హెడ్ క్లర్క్ గొంతు సవరించుకున్నాడు.

"జెర ఆగున్రి సాబ్. దారం నీళ్లు తాగనియ్యున్రి" అన్నాడు కరీం భాయ్.

భిస్తీ రెండో తిత్తి పోశాడు. మూడోది. నాలుగోది. బొట్లు ఆగిపోయాయి. రంగనాథం గారు ఇంకో రెండు పోయించుకుని బయటికి వచ్చారు. ఆ ఒక్క భుజం తప్ప ఎక్కడా తడి లేదు.

అందర్నీ మళ్లీ గదిలోకి పిలిచారు. నన్ను బల్ల ముందు, నిన్న కరీం భాయ్ నిలబడ్డ చోటే నిలబడమన్నారు.

"నిన్న ఈ గదిలో చెప్పాల్సింది ఇవాళ ఈ గదిలోనే చెప్పు. అందరూ వినాలి."

చెప్పాను. దారం మార్చడానికి ఊ అన్నది నేనేనని, నాకు ఆ హక్కు లేదని, ఆయన నా మాట నమ్మాడని, ముక్కను ఇంటికి పట్టుకుపోయానని. కరీం భాయ్ నేలే చూస్తున్నాడు. హెడ్ క్లర్క్ కిటికీలోంచి బయటికి చూశాడు. నిన్న కరీం భాయ్ మీద వేసిన నిందకు ఆయన క్షమాపణ చెప్పలేదు, రంగనాథం గారు చెప్పించలేదు. ఆ పని కూడా చేసి ఉండాల్సింది. రంగనాథం గారంటే నాకు ఎంత గౌరవం ఉన్నా, అది ఆయన తప్పేనని ఇప్పటికీ అంటాను.

తర్వాత ఆయన ముక్కకు చీటీ కట్టించి, మారిన దారం సంగతి తనకు తెలిసే ఒప్పుకుంటున్నానని, ఈ డేరాలు ఈ వానకాలానికే వాడాలని, తడితో మడిచి దాస్తే జనుప దారం కుళ్లుతుందని సొంత చేత్తో రాశారు. ఆ రోజు తారీఖే వేశారు. లక్క కరిగించి మొహర్ గుద్దారు. కరీం భాయ్ పేరు మళ్లీ జాబితాలో ఎక్కింది. పోలీసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నా చేతిలోంచి బీరువా తాళం తీసుకుని సంవత్సరం పాటు ఇవ్వలేదు. నౌకరీ మాత్రం ఉంచారు.

ఆ వారమే డేరాలు మైదానంలో లేచాయి. చూడ్డానికి పోయాను. ఆ బాలింత ఏ డేరాలో ఉందో ఎంత వెతికినా తెలియలేదు. కరీం భాయ్ మేకులు కొడుతూ కనిపించాడు, సలాం చేశాడు. ఆ సలాంలో తక్కువేమీ లేదు, ఎక్కువేమీ లేదు.

లక్క కరిగేదాకా

పిల్లలూ, మీరు కుర్చీలో కూర్చున్నాక చాలామంది మీ ఎదుట నిలబడి "ఊ అనండి సాబ్" అంటారు. వాళ్లకు నిజంగానే తొందర ఉంటుంది. మీకూ జాలి ఉంటుంది. ఊ అనేముందు ఆ ఊ మీదో కాదో చూసుకోండి. మీది కాకపోతే "నాకు ఆ హక్కు లేదు" అని మొహం మీద చెప్పండి. ఆ మాట చెబితే చిన్నతనం ఏమీ రాదు. మీదే అయితే అప్పుడే, ఆ కాగితం మీదే రాయండి. ఒకవేళ నోరు జారితే, అడిగినరోజే ఒప్పుకోండి. నేను ఒక్కరోజు ఆలస్యం చేశాను. ఒక్కరోజే కదా అని మీరు అనుకోవచ్చు.

చాలా ఏళ్లకు రంగనాథం గారి కుర్చీలాంటి కుర్చీలోనే నేనూ కూర్చున్నాను. మొహర్ నాదైంది. కరీం భాయ్ డేరాలు కుడుతూనే ఉన్నాడు, మా దఫ్తర్‌కు సరఫరా చేస్తూనే ఉన్నాడు. మా మధ్య ఎప్పుడూ మాట తేడా రాలేదు. మా పెద్దమ్మాయి పెళ్లికి పందిరి గుడ్డలు ఆయనే కుట్టి పంపాడు.

ఆయన చివరిసారి వచ్చినప్పుడు కళ్లు బాగా మందగించాయి. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. తాళ్లు దూర్చే ఇత్తడి వలయాలు బజారులో దొరకడం లేదని, బదులు తాడుతోనే వలయాలు అల్లి కుడతానని ముక్క తెచ్చాడు. చూశాను. బాగుంది. నాకూ తీరిక లేదు, బయట నలుగురు కూర్చున్నారు.

"మంచిగున్నది కరీం భాయ్. ఇప్పుడు కుర్చీ నాదే గద, షురూ చెయ్. చీటీ రేపు పంపిస్త" అన్నాను.

ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వే. చేత్తో తడుముకుంటూ గోడవారనున్న బెంచీ మీద కూర్చున్నాడు. ముక్కను ఒళ్లో పెట్టుకున్నాడు.

"కూసుంట సాబ్. లక్క కరగనియ్యున్రి."

నేను లేచి కొవ్వొత్తి వెలిగించాను.